బట్టతల మీంచి దిగేటప్పుడు

ఆ వీధిలో ఆమెను అందరూ కళ్ళజోళ్ళావిడ అనే అంటారు. మందుల షాపుకీ జిరాక్స్ షాపుకీ మధ్య, ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే నిండిపోయే దుకాణం ఆమెది. ముందు భాగంలో గోడ పొడవునా ఫ్రేములు, వెనక గదిలో అద్దాన్ని ఫ్రేముకి సరిపోయేలా అరగదీసే మిషను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. గుమ్మంలోకి మనిషి రాగానే ఆమె ముందు ముఖం చూడదు, ముక్కు చూస్తుంది. "మొదటిసారి కలిసిన రోజు కూడా నా ముక్కే చూసింది. నేనేమో నన్ను చూస్తోందనుకున్నాను" అని భర్త ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

అలాంటి మనిషికి కొండ పిచ్చి పట్టించింది వియ్యపురాలు.

వియ్యపురాలు పెద్దాసుపత్రిలో నర్సు. ముప్పయ్యేళ్ళ సర్వీసు. వార్డులో డాక్టర్లతో సహా అందరికీ నర్సమ్మే. పిల్లల పెళ్ళయిన రెండో నెలలో ఏదో పని మీద వీళ్ళింటికి వచ్చింది. రెండంతస్తులు ఎక్కేసరికి కళ్ళజోళ్ళావిడ గోడ పట్టుకుని ఆయాసపడుతుంటే చూసి, "వదినగారూ, ఆదివారం పొద్దున్న ఆరింటికి ఆఖరి బస్టాపు దగ్గరుండండి. చెప్పులు కాదు, బూట్లు" అంది. నర్సమ్మతో వాదన పెట్టుకోవడం సూదితో వాదన పెట్టుకోవడం లాంటిది. మనం నోరు తెరిచేలోపే గుచ్చడం అయిపోతుంది.

ఆ కొండ ఊరికి కూతవేటు దూరం. ఆఖరి స్టాపులో బస్సు దిగి, నీళ్ళ పంపుహౌసు వెనక సందులో నాలుగడుగులు వేస్తే మొదటి మెట్టు కాలికి తగులుతుంది. నాలుగొందల పైచిలుకు రాతిమెట్లు. ఆ తర్వాత మెట్లుండవు, చెట్ల వేళ్ళూ వదులు రాళ్ళే. ఆ పైన, శిఖరానికి కాస్త ఇవతల, గడ్డిపరక కూడా మొలవని పెద్ద బండ ఒకటి ఏటవాలుగా పడుకుని ఉంటుంది. దాన్ని అందరూ బట్టతల అంటారు. పక్కన ఇనప గొలుసు బిగించారు. గొలుసు పట్టుకుని బట్టతల ఎక్కేస్తే పైన చదునైన చోటు, సిగ్నల్ టవరు, ఒక సిమెంటు బెంచీ. అక్కడ కూర్చుంటే ఊరంతా కాళ్ళ కింద పరుచుకుని కనిపిస్తుంది.

మొదటి ఆదివారం కళ్ళజోళ్ళావిడ రెండొందలవ మెట్టు మీదే చతికిలబడింది. మూడో నెలకి బట్టతల ఎక్కింది. ఆ తర్వాత నాలుగేళ్ళపాటు, వానా జ్వరమూ అడ్డుపడితే తప్ప ఆదివారం మానలేదు. వియ్యపురాళ్ళంటే ఒకరి గుట్టు ఒకరు లాగేవాళ్ళని లోకానికో నమ్మకం. వీళ్ళిద్దరూ మాత్రం బెంచీ మీద కూర్చుని ఉడకబెట్టిన గుడ్లు ఒలుచుకుంటూ, ఎవరి బిడ్డ లోపాలు వాళ్ళే చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. "మావాడు పొద్దున లేచి పది మాటలు మాట్లాడితే సాయంత్రానికి గొంతునొప్పి అంటాడు" అని నర్సమ్మ అనేది. "మా అమ్మాయి ఆ పది మాటలూ నిద్రలోనే అయిపోగొడుతుంది" అని ఈమె అనేది.

ఆ నవ్వులాటే చివరికి నిజమై కూర్చుంది. అబ్బాయికి ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. అమ్మాయికి మనిషి మాట వినిపించాలి. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు, మోసం చెయ్యలేదు. విడివిడిగా ఇద్దరూ బంగారాలే. ఒకే ఇంట్లో మాత్రం నాలుగేళ్ళకి ఇద్దరూ వాడిపోయారు. కాగితాల మీద సంతకాలు పెట్టి విడిపోయారు.

ఆ రోజు సాయంత్రం తల్లులిద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారు. ఓదార్చుకుందామనే మొదలుపెట్టారు. మాటల్లో నర్సమ్మ, "మావాడు నోరు లేనివాడు కాబట్టి ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాడు వదినగారూ" అంది. కళ్ళజోళ్ళావిడకి ఒళ్ళు మండింది. "లేనిది నోరు కాదు, మనసు" అనేసింది. అటు నుంచి ఫోను పెట్టేసిన చప్పుడు.

అంతే, ఏడు నెలలు మాటల్లేవు. ఆ వెంటనే వచ్చిన మొదటి ఆదివారం, ఆమె వస్తుందేమోనని ఈమె వెళ్ళలేదు. ఈమె వస్తుందేమోనని ఆమె కూడా వెళ్ళలేదని తర్వాత తెలిసింది.

ఎనిమిదో నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామునే కళ్ళజోళ్ళావిడకి మెలకువొచ్చింది. కూతురు ఆఫీసుకి దగ్గర్లో వేరే గది తీసుకుని వెళ్ళిపోయింది. భర్త గోడవైపు తిరిగి గురక పెడుతున్నాడు. మోకాళ్ళు తలుపు బందుల్లా కిర్రుమంటున్నాయి. ఇంక పడుకోలేక లేచి, బూట్లకి పట్టిన దుమ్ము దులిపి, బస్సెక్కింది.

మెట్ల మీద మూడుసార్లు ఆగింది. వేళ్ళ దారిలో రెండుసార్లు ఆగింది. బట్టతల ఎక్కి, గొలుసు వదిలి తలెత్తేసరికి, బెంచీ మీద నర్సమ్మ.

వెనక్కి తిరిగిపోదామంటే ఎదుటి మనిషి అప్పటికే చూసేసింది.

"బాగున్నారా?" అంది నర్సమ్మ.

"బాగున్నానండీ. మీరు?"

"ఆఁ. బాగానే."

వదిన అన్న మాట ఇద్దరి నోటా రాలేదు. ఆ మాట ఉండాల్సిన చోట ఖాళీ, ఊడిన పన్ను చోటులా ఇద్దరికీ తెలుస్తోంది. నర్సమ్మ బెంచీ మీద పక్కకి జరిగింది. కళ్ళజోళ్ళావిడ కూర్చోలేదు. మంచినీళ్ళు రెండు గుక్కలు తాగి, "ఎండ ముదిరిపోతుంది, వస్తానండీ" అని తిరుగుముఖం పట్టింది. ఏడు నెలల తర్వాత ఇంత కష్టపడి ఎక్కి, పైన రెండు నిమిషాలు కూడా లేదు. తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ కోపంలోనే బట్టతల దిగేసింది. కింద నీడలో బూటు తాడు ముడేసుకుంటూ వెనక్కి చూసింది. నర్సమ్మ కూడా దిగుతోంది. బండకి సగం దాకా వచ్చి కూర్చుండిపోయింది. ఒక చెయ్యి గొలుసుకి చుట్టుకుని ఉంది.

అలసట తీర్చుకుంటోందనుకుంది ముందు. కొండెక్కే కుర్రజంట ఒకటి పైకి వెళ్తూ ఆగి, చెయ్యి అందించబోయింది. నర్సమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపి, ఊరు చూస్తున్నానన్నట్టు దూరంగా చూపించింది. వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పుడు లేచి నిలబడింది. కుడి కాలు ముందుకి పెట్టింది. అడుగు బండకి ఆనకముందే ఆనిందనుకుని బరువు వేసింది. ఒక్కసారిగా ముందుకి తూలి, గొలుసుని కౌగిలించుకుని మళ్ళీ కూర్చుండిపోయింది.

"వదినా!"

ఆ కేక తన నోట్లోంచే వచ్చిందని కళ్ళజోళ్ళావిడకి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. అప్పటికే బండ మీదికి ఎక్కుతోంది.

దగ్గరికి వెళ్ళి చూస్తే నర్సమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ప్రాణాలు పోయేవాళ్ళని కూడా కంగారు లేకుండా చూసుకున్న ఆ మనిషి గొలుసుని రెండు చేతులా పట్టుకుని వదలడం లేదు.

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు."

"గుండెల్లో నొప్పా?"

"అదేం లేదు. నేల ఉండాల్సిన చోట ఉండట్లేదు. నేను పెట్టిన చోట కాలు పడట్లేదు." నర్సమ్మ తన బూట్ల వైపు చూసుకుంది. "మూడు నెలల్నుంచి ఇంతే. ఆసుపత్రి మెట్ల మీద రెండుసార్లు పడ్డాను. ఇంట్లో ఒకసారి. ఎవరికీ చెప్పలేదు. మా వార్డులో తల జబ్బులవాళ్ళకి ఇలాగే మొదలవుతుంది వదినగారూ. ముందు అడుగు తప్పుతుంది. తర్వాత మాట తప్పుతుంది. తర్వాత మనిషినే గుర్తుపట్టరు. వచ్చే బుధవారానికి తలకి స్కాను రాయించుకున్నాను. అది తీశాక ఎలాగూ ఇటు రానివ్వరు కదా, ఆఖరిసారి చూసి పోదామని..."

కళ్ళజోళ్ళావిడ ఆమె పక్కనే బండ మీద కూర్చుంది. ముఖంలోకి చూసింది. చూసిన మరుక్షణం, ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ, ముక్కు చూసింది. ఆ ముక్కు మీదున్న కళ్ళజోడు తను చేసింది కాదు.

"ఇదెక్కడ చేయించారు?"

"ఏది?"

"జోడు, వదినగారూ, జోడు!"

"మార్కెట్టు దగ్గర పెద్ద షాపులో. పాతది పగిలింది. దూరానికొకటి, చదవడానికొకటి ఎందుకు, రెండూ ఒక్కదాన్లోనే వస్తాయన్నారు."

"ఎప్పుడు?"

నర్సమ్మ ఆలోచించింది. "మూడు నెలలైంది" అంది. అన్నాక ఆ మాట తన చెవికే వినపడ్డట్టు ఆగిపోయింది.

"ఎక్కేటప్పుడు కూడా కాలు తప్పుతోందా?"

"ఎక్కేటప్పుడు లేదు. దిగేటప్పుడే."

"తల వంచండి. అలా కాదు, గడ్డం గుండెకి తగలాలి. ఇప్పుడు కాలివైపు చూడండి. ఎలా ఉంది?"

నర్సమ్మ గడ్డం కిందికి దించి, అద్దాల పై భాగంలోంచి తన బూట్లని చూసింది. బూటు తాడు, దాని కింద గరుకు బండ, బండ మీద పాకుతున్న చీమ, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

"గడ్డం పైకెత్తండి. ఇప్పుడు?"

"పోయింది. మళ్ళీ అలుక్కుపోయింది. దగ్గరికొచ్చేసింది."

"మీ తలకి ఏమీ కాలేదు. ఆ అద్దానికి కింద సగం చత్వారానికి, పుస్తకం చదువుకోవడానికి. మీరు దాన్లోంచి కాళ్ళు చూస్తున్నారు. కాళ్ళు పుస్తకమంత దగ్గర్లో ఉంటాయా ఎక్కడైనా? పైగా వాడు ఆ చదివే భాగాన్ని మీ కంటికి ఎంత పైకి పెట్టాడంటే, మెట్టు కాదు, ఎదురుగా ఉన్న మనిషి మోకాలు కూడా దాన్లోంచే కనిపిస్తుంది." కళ్ళజోళ్ళావిడకి కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "ఇరవై నిమిషాల నడక నా దుకాణం. నా దగ్గరికి ఎందుకు రాలేదు?"

"ఏ మొహం పెట్టుకుని రాను?" అంది నర్సమ్మ.

ఈమె చెయ్యి చాపి ఆ ముక్కు మీంచి జోడు తీసుకుంది. పనిముట్లేమీ లేవు. ముక్కుకి ఆనుకునే రెండు చిన్న మెత్తల్ని బొటనవేలి గోళ్ళతో జాగ్రత్తగా, కొంచెం కొంచెంగా, పక్కలకి విడదీసింది. అలా చేస్తే ఫ్రేము ముక్కు మీద కిందికి జారి కూర్చుంటుంది, దాంతోపాటు చదివే భాగమూ కిందికి పోతుంది. పెట్టి చూసింది. తీసింది. ఇంకాస్త విడదీసింది. మళ్ళీ పెట్టింది.

"ముక్కు చివరికి జారింది. బళ్ళో పంతులమ్మలా ఉన్నారు. అయినా ఫర్వాలేదు, కిందికి దిగేదాకా అలాగే ఉండాలి. గడ్డం మాత్రం ఎత్తకండి."

నిలబడి దిగడానికి ఇద్దరూ సాహసించలేదు. పసిపిల్లలు మెట్లు దిగినట్టు, కూర్చునే జరుగుతూ దిగారు. ముందు కళ్ళజోళ్ళావిడ, వెనక నర్సమ్మ. "కుడి కాలు పెట్టండి. ఆఁ. ఇప్పుడు ఎడమది." పైకి వెళ్ళేవాళ్ళు దారిచ్చి చూస్తున్నారు. "పెద్దవాళ్ళని చూడలేదా ఎప్పుడూ?" అని నర్సమ్మ ఒకడిని గద్దించింది. ఆ గొంతు విని, మనిషి తేరుకుందని ఈమెకి ధైర్యం వచ్చింది.

బండ ఇంకో నాలుగు బారలుందనగా పర్రుమని ఒక చప్పుడు.

"ఏమిటది?"

"నా ప్యాంటు" అంది కళ్ళజోళ్ళావిడ.

తిరిగి చూస్తే నర్సమ్మ పెదవులు బిగించి, కళ్ళు మూసుకుని, భుజాలు కదిలిపోయేలా ఊగిపోతోంది. ఏడుస్తోందనుకుంది. ఏడుపే. అందులోంచి నవ్వు తన్నుకొచ్చింది, ఆ నవ్వులోంచి మళ్ళీ ఏడుపు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఇద్దరికీ తెలియలేదు. నీడలోకి వచ్చాక నర్సమ్మ తన స్వెటరు విప్పి, ఈమె నడుముకి వెనకవైపు వేలాడేలా చుట్టి, చేతులు రెండూ ముందుకి లాగి, వార్డులో కట్టు కట్టినంత శ్రద్ధగా ముడేసింది.

పంపుహౌసు దగ్గర కుళాయి కింద ముఖాలు కడుక్కున్నారు.

"ఆ రోజు ఫోన్లో నేనన్న మాట..." అని మొదలుపెట్టింది కళ్ళజోళ్ళావిడ.

"విన్నాను. నా చెవులకి ఏ రోగమూ లేదు." నర్సమ్మ చేతి రుమాలుతో మెడ తుడుచుకుంది. "వాడికి మనసు లేకపోవడం కాదు వదినగారూ. ఉన్నదాన్ని చూపించడం రాదు. నాకూ రాదు. వాడు నా దగ్గరే నేర్చుకున్నాడు. నేనన్నది మాత్రం తప్పే. మీ అమ్మాయి మాట్లాడుతూ ఉండబట్టే మా ఇంట్లో నాలుగేళ్ళు మనుషులున్నట్టు ఉండేది."

ఆదివారమైనా ఆ మధ్యాహ్నం దుకాణం షట్టరు సగం లేచింది. కళ్ళజోళ్ళావిడ నర్సమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా కళ్ళకి సమానంగా వంగి, అద్దం మీద చదివే భాగం మొదలైన చోటొకటి, మొదలవ్వాల్సిన చోటొకటి, పెన్నుతో సన్నటి గీతలు గీసి చూసింది. నాలుగు మిల్లీమీటర్లు. అంతే తేడా. నాలుగు మిల్లీమీటర్లకి మూడు నెలలు ఈ మనిషి ఒక్కతే కూర్చుని తన చావు తను ఊహించుకుంది.

"ఇంత చిన్నదా?" అంది నర్సమ్మ, ఆ రెండు గీతల మధ్య సందు చూసి.

"మీ సూది మొన ఎంతుంటుందేమిటి?"

కొండకీ మెట్లకీ దూరం చూపుకి మాత్రమే ఒక జోడు, చదవడానికి వేరే జోడు చేసిస్తానంది. "స్కాను మాత్రం మానకండి" అని కూడా అంది. "నేను చేసేది అద్దాలు. తల లోపల చూసేవాళ్ళు వేరే ఉన్నారు. నేనూ వస్తాను."

బుధవారం ఇద్దరూ కలిసే వెళ్ళారు. కౌంటరులో అమ్మాయి ఫారం నింపుతూ, "తోడొచ్చినవాళ్ళు పేషెంటుకి ఏమవుతారు?" అని అడిగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వదిన అని రాయమ్మా" అంది నర్సమ్మ.

"మీ అన్నయ్యగారి భార్యా, మీ వారి అక్కగారా?"

"అదంతా నీ గడిలో పట్టదు. వదిన అని రాసి ఊరుకో."

స్కానులో ఏమీ లేదు. వయసుకి తగ్గ తలే అన్నాడు డాక్టరు. నర్సమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి చదివి, మళ్ళీ మడిచింది. బయటికొచ్చి మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. గడ్డం దించి, పన్నెండు మెట్లూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది.

ఇక మిగిలింది కూతురికి చెప్పడం. కళ్ళజోళ్ళావిడకి బట్టతల కంటే అదే ఏటవాలుగా అనిపించింది. శనివారం అమ్మాయి దుకాణానికి వస్తే, వెనక గదిలో మిషను కట్టేసి, దాచకుండా మొత్తం చెప్పింది.

అమ్మాయి అద్దం ముక్క ఒకటి చేతిలో తిప్పుతూ కూర్చుంది. ఆ పిల్ల మౌనంగా ఉంటే తల్లికి ఎప్పుడూ భయమే.

"నన్నడగాల్సింది అమ్మా."

"ఏమని అడగను? మీ అత్తగారు నాకు స్నేహితురాలవ్వచ్చా అనా?"

"ఇప్పుడు అత్తగారు కాదుగా."

"నీకు కాదు. నాకు ఏమవుతుందో నాకే సరిగ్గా తెలీదు. ఆవిడ అక్కడ పడిపోయి ఉంటే మాత్రం ఈ జన్మకి నాకు నిద్ర పట్టేది కాదు."

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "నాకు ఆవిడ మీద కోపం లేదమ్మా. నాకు జ్వరమొస్తే రాత్రి డ్యూటీ చేసొచ్చి కూడా నా పక్కనే కూర్చునేది. కానీ ఆవిడని చూస్తే ఆ ఇల్లు గుర్తొస్తుంది. అందులో నేనొక్కదాన్నే మాట్లాడుకోవడం గుర్తొస్తుంది. నాకు ఇంకా టైం కావాలి. అప్పటిదాకా ఇంటికి తీసుకురాకు. నా సంగతులు ఆవిడకి చెప్పకు, వాళ్ళబ్బాయి సంగతులు నాకు చెప్పకు. కొండ మీద మీ ఇష్టం."

"సరే" అంది తల్లి. అంతకంటే అడిగే హక్కు తనకి లేదనిపించింది.

మర్నాడు ఆదివారం. ఆఖరి స్టాపులో నర్సమ్మ కొత్త జోడుతో, గుడ్ల డబ్బాతో నిలబడి ఉంది. కూతురు పెట్టిన షరతులు కళ్ళజోళ్ళావిడ ఉన్నవున్నట్టు చెప్పింది. నర్సమ్మ తలూపి, "న్యాయమే" అంది. మాట్లాడుకోవడానికి పిల్లలు లేకపోతే ఏం మాట్లాడుకోవాలో మొదటి వంద మెట్లూ ఇద్దరికీ తోచలేదు. ఆ తర్వాత నర్సమ్మ తను నర్సుగా చేరిన తొలి రోజు కళ్ళు తిరిగి పేషెంటు మంచం మీదే పడిపోయిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పని కథ అది. ఈమె వింటూ వింటూ, ఎక్కడా ఆగకుండానే మెట్లన్నీ ఎక్కేసింది.

నెల్లాళ్ళ తర్వాత ఒక సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. ఆఫీసు కబుర్లన్నీ చెప్పింది. పెట్టేయబోతూ ఆగింది.

"అమ్మా, ఆవిడ ఇప్పుడు సరిగ్గా నడుస్తోందా?"

"నాకంటే ముందు ఎక్కుతోంది."

"దిగేటప్పుడు?"

"దిగేటప్పుడూ."

"సరే. జాగ్రత్తగా దిగమని చెప్పు" అంది అమ్మాయి. తర్వాత, "నేను చెప్పానని చెప్పకు" అంది. ఒక్క క్షణమాగి, "పోనీ, చెప్పు" అని ఫోన్ పెట్టేసింది.